తిరిగివచ్చే రాకెట్టు

'బొమ్మ' అనే మాటకు తెలుగులో అర్థాలు అనేకం. గోడమీది చిత్రం బొమ్మే, దేవళంలోని విగ్రహం బొమ్మే, తెరచాటున కళాకారుడు ఆడించే తోలుప్రతిమ కూడా బొమ్మే. ఇంత విస్తృతి ఉన్నా లోకవ్యవహారంలో ఆ మాటకు గౌరవం తక్కువ. ఏ వస్తువునైనా చులకన చేయదలచినవారు "అది ఉత్త బొమ్మ" అంటారు. పెట్టెలో విడిభాగాలుగా వచ్చే నమూనా రాకెట్టుకూ ఇదే గతి పట్టింది. అట్టగొట్టానికి చెక్కరెక్కలు అతికించి, రంగువేసి, మైదానంలో ఎగురవేసే ఆ వస్తువును పెద్దలు కాలక్షేపంగా భావిస్తారు. మేధావులుగా పేరుపొందాలని కోరే యువకులు, "ఎవరో గీసిన పటం చూసి అతికించడంలో ప్రతిభ ఏమున్నది?" అని ప్రశ్నిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ పునఃపరిశీలించదగినవే. ఆ కాగితపు గొట్టం వెనుక ఒక కాలపు ఆందోళన ఉంది. కొందరు వివేకవంతుల దూరదృష్టి ఉంది. చదువు అంటే ఏమిటన్న పాతప్రశ్నకు ఒక కొత్త సమాధానం కూడా ఉంది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆ వార్త ప్రపంచాన్ని విస్మయపరచింది. అమెరికాలోని యువకుల మనస్సుల్లో అది అగ్గిరాజేసింది. తామూ రాకెట్లు చేయాలన్న ఉత్సాహంతో వేలాదిమంది పిల్లలు ఇంటి నేలమాళిగల్లో, పెరళ్లలో ప్రయోగాలకు పూనుకొన్నారు. చేతికి దొరికిన రసాయనాలను కలిపి, లోహపు గొట్టాల్లో కూరి, నిప్పంటించారు. వాటిలో కొన్ని ఎగిరాయి. అనేకం పేలిపోయాయి. వేళ్లు పోగొట్టుకొన్నవారు, చూపు పోగొట్టుకొన్నవారు, ప్రాణాలే పోగొట్టుకొన్నవారు ఉన్నారు. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల గ్రామంలో హోమర్ హికమ్ అనే బాలుడు చేసిన మొదటి ప్రయత్నంలో తల్లి పూలతోట కంచె ధ్వంసమైంది. అతడు మిత్రులతో కలిసి పట్టువదలక శ్రమించి 1960లో జాతీయ విజ్ఞాన ప్రదర్శనలో బహుమతి పొందాడు. తరువాతి కాలంలో నాసాలో ఇంజనీరయ్యాడు. 1998లో 'రాకెట్ బాయ్స్' పేరుతో ఆ అనుభవాలను గ్రంథస్థం చేశాడు. ఆ కథ ఉత్తేజకరమే. కాని అదృష్టం కలిసివచ్చినవారే తమ కథ చెప్పుకోగలుగుతారన్న సత్యాన్ని కూడా పాఠకుడు మరువరాదు. అదే పని చేస్తూ గాయపడిన పిల్లల కథలు గ్రంథాలకు ఎక్కలేదు.

ఇటువంటి సమయంలో సమాజం ముందు సాధారణంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది నిషేధం. రెండవది ఉపేక్ష. నిషేధిస్తే పిల్లలు చాటుగా చేస్తారు. ఉపేక్షిస్తే బాహాటంగా గాయపడతారు. ఒకటి జిజ్ఞాసను చంపుతుంది, మరొకటి జిజ్ఞాసువునే చంపుతుంది. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గాన్ని వెదకినవారు ఇద్దరు. వారిలో ఒకరు హ్యారీ స్టైన్. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగక్షేత్రంలో పనిచేసిన ఆయన రాకెట్ల భద్రతను గురించి పత్రికలలో వ్యాసాలు వ్రాసేవాడు. రాకెట్టు ఎలా చేయాలో చెప్పమని పిల్లలు వ్రాసే ఉత్తరాలు ఆయనకు చేరేవి. రెండవ వ్యక్తి ఆర్విల్ కార్లైల్. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ పట్టణంలో పాదరక్షల దుకాణం నడిపే ఈయనకు బాణసంచా తయారీలో ఆసక్తి, అనుభవం ఉండేవి. ఆయన సోదరుడు రాబర్ట్‌కు నమూనా విమానాల మీద మక్కువ. ఉపన్యాసాలలో రాకెట్టు సూత్రాన్ని ప్రదర్శించి చూపడానికి సోదరునికి ఒక సాధనం కావలసివచ్చింది. అందుకోసం కార్లైల్ 1954లో కాగితపు గొట్టంతో, తేలికైన చెక్కతో ఒక చిన్న రాకెట్టును రూపొందించాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'రాక్-ఎ-చూట్'. 1957లో స్టైన్ వ్యాసం చదివి, తన రాకెట్ల నమూనాలను ఆయనకు పంపాడు. చెప్పులు అమ్మే దుకాణదారునికి, క్షిపణి క్షేత్రంలోని నిపుణునికి కుదిరిన ఆ మైత్రి నుంచే నమూనా రాకెట్ల విద్య పుట్టింది.

కార్లైల్ ఆలోచనలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది, ప్రమాదకరమైన పనిని పిల్లవాని చేతినుంచి తప్పించడం. ఇంధనాన్ని కలపడం, కూరడం అనేవే ప్రాణాంతకమైన పనులు. వాటిని కర్మాగారానికి అప్పగించి, దళసరి కాగితపు గొట్టంలో తుపాకిమందు బిగించిన చిన్న మోటారును సిద్ధంగా అందిస్తే, మిగిలిన పనులన్నీ పిల్లవాడు నిర్భయంగా చేసుకోవచ్చు. 1950ల చివర కొలరాడో రాష్ట్రంలో వెర్న్ ఎస్టెస్ అనే యువకుడు ఇటువంటి మోటార్లను నిమిషానికి పదికి పైగా తయారుచేయగల యంత్రాన్ని నిర్మించాడు. అందువల్ల ఆ విద్య సామాన్య గృహాలకు అందుబాటులోకి వచ్చింది. రెండవ విశేషం ఇంతకంటె గొప్పది. కార్లైల్ రాకెట్టు పైకి పోయి ఊరకుండదు. శిఖరానికి చేరిన తరువాత పారాచూటును విప్పుకొని మెల్లగా దిగివస్తుంది. కొత్త మోటారు అమర్చి దానినే మళ్లీ ఎగురవేయవచ్చు.

దీపావళినాడు తెలుగునాట ఎగిరే తారాజువ్వను దీనితో పోల్చి చూడాలి. రెండింటినీ నడిపించే సూత్రం ఒక్కటే. వాయువులు వెనుకకు వెలువడతాయి, వస్తువు ముందుకు సాగుతుంది. తారాజువ్వకు ఉండే పొడవాటి పుల్ల కూడా దానిని తిన్నగా నడిపించే సాధనమే. అయితే తారాజువ్వ అందాన్ని ఇస్తుందే గాని అనుభవాన్ని మిగల్చదు. అది క్షణకాలం వెలిగి భస్మమైపోతుంది. ఏది ఎందుకు తిన్నగా పోయిందో, ఏది ఎందుకు వంకరపోయిందో పరిశీలించడానికి చేతిలో ఏమీ ఉండదు. తిరిగివచ్చిన రాకెట్టు అలా కాదు. విరిగిన రెక్క, కాలిన పారాచూటు, తెగిన దారం అన్నీ సాక్ష్యాలుగా నిలిచి, నిర్మాత చేసిన పనిని అతనికే చూపిస్తాయి. దోషం కనబడినచోటనే దిద్దుబాటు మొదలవుతుంది.

ఇంతకూ ఆ పెట్టెలో ఉండేది ఏమిటి? ఎస్టెస్ సంస్థ 'ఆల్ఫా' అనే రాకెట్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. అది సుమారు 31 సెంటీమీటర్ల పొడవు కలది. తగిన మోటారుతో 300 మీటర్ల ఎత్తువరకు పోగలదు. ఒక సన్నని అట్టగొట్టం, మొనదేలిన ముక్కుభాగం, మూడు తోకరెక్కలు, మోటారును పట్టి ఉంచే లోపలి గొట్టం, దానిని మధ్యలో నిలిపే వలయాలు, ఒక లోహపు కొక్కెం, సాగే తాడు, పలుచని పారాచూటు ఉంటాయి. వీటి వెంట ఒక సూచనల కాగితం ఉంటుంది. చూడబోతే ఒక గంటలో ముగిసే పనివలె కనిపిస్తుంది. చేయబూనినవానికి మాత్రం ఒక్కొక్క భాగం ఒక్కొక్క పాఠం చెబుతుంది.

రెక్కల సంగతే చూడవచ్చు. బల్సా చెక్కలో నారలు ఒక దిశగా సాగి ఉంటాయి. గాలిని ముందుగా ఎదుర్కొనే రెక్క అంచుకు ఆ నారలు సమాంతరంగా ఉంటే రెక్క దృఢంగా నిలుస్తుంది. అడ్డంగా ఉంటే వేగానికి పుటుక్కున విరుగుతుంది. వడ్రంగికి తరతరాలుగా తెలిసిన ఈ రహస్యం పుస్తకంలో చదివితే ఒక వాక్యం మాత్రమే. చెక్కను వంచి చూసినవానికి అది మరుపురాని జ్ఞానం. మూడు రెక్కలను గొట్టం చుట్టూ 120 డిగ్రీల ఎడంతో నిలపాలి. ఒక్కటి పక్కకు ఒరిగినా రాకెట్టు గిరగిర తిరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. జిగురును పలుచగా పూసి, ఆరేవరకు వేచి, కీలు వెంట మళ్లీ మరొక పూత పూయాలి. తొందరపడి రెండవపని మొదలుపెడితే మొదటిపని చెడుతుంది. గరుకు కాగితంతో చెక్కను నున్నగా రుద్దాలి. ఈ పనులలో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు, కాని ఏ ఒక్కటీ ఓర్పులేనివానికి లొంగేది కాదు. మీట నొక్కగానే ఫలితం కనబడాలని కోరే తరానికి జిగురు ఆరేవరకు వేచి ఉండడం కూడా ఒక విద్యే.

ఇక్కడ విజ్ఞులు లేవదీసే ఆక్షేపణ ఒకటుంది. సూచనల కాగితాన్ని అనుసరించి నిర్మించేవాడు అనుకర్తయే గాని స్రష్ట కాడని వారి వాదం. 1926 మార్చి 16న రాబర్ట్ గొడార్డ్ ఎగురవేసిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్టు 12.5 మీటర్ల ఎత్తు మాత్రమే పోయింది, రెండున్నర సెకన్లు మాత్రమే ఎగిరింది. నేటి పెట్టెరాకెట్టు దానికంటె ఎన్నో రెట్లు ఎత్తు పోవచ్చు. అయినా గొడార్డ్ చేసినది సృష్టి, పిల్లవాడు చేసినది అభ్యాసం. ఈ భేదాన్ని అంగీకరించవలసిందే. కాని అభ్యాసం సృష్టికి శత్రువన్న భావన మాత్రం అంగీకారయోగ్యం కాదు. కావ్యరచనకు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడూ కారణాలని ప్రాచీన ఆలంకారికులు నిర్ణయించారు. ప్రతిభ ఒక్కటే చాలునని వారు భావించలేదు. పద్యం వ్రాయదలచినవాడు ముందుగా గణాలు నేర్చుకొంటాడు, యతిస్థానం గుర్తిస్తాడు, ప్రాసనియమం పాటిస్తాడు. పూర్వకవుల పద్యాలను పలుమార్లు చదివి వాటి నడకను చెవికి అలవరచుకొంటాడు. ఆ నియమాలు అతని స్వేచ్ఛను హరించలేదు, అతని స్వేచ్ఛకు నిలువ నేల ఇచ్చాయి. సూచనల కాగితం కూడా అటువంటి ఛందస్సే. మొదటి రాకెట్టును యథాతథంగా కట్టినవాడే రెండవ రాకెట్టులో రెక్కల ఆకారం మార్చాలని తలపోస్తాడు.

ఆ మార్పు తలపెట్టిన క్షణం నుంచి అసలు శాస్త్రం మొదలవుతుంది. రెక్క ఎంత పెద్దదిగా ఉండాలి? ఎక్కడ ఉండాలి? దీనికి సమాధానం బాణంలో ఉంది. బాణానికి ఈకలు మొనవైపు కాక తోకవైపే ఎందుకు కడతారు? గాలిలో ఎగిరే వస్తువు తన గురుత్వకేంద్రం చుట్టూ ఊగుతుంది. గాలి ఒత్తిడి అంతా ఒకచోట కేంద్రీకరించినట్లు భావించదగిన బిందువును పీడనకేంద్రం అంటారు. పీడనకేంద్రం గురుత్వకేంద్రానికి వెనుక ఉంటే, వస్తువు పక్కకు తిరిగినప్పుడు గాలియే దానిని నెట్టి మళ్లీ తిన్నగా నిలుపుతుంది. ముందు ఉంటే ఆ గాలియే దానిని తలక్రిందులు చేస్తుంది. ఈ రెండు బిందువుల నడుమ కనీసం గొట్టం వ్యాసమంత దూరం ఉండాలన్నది నిర్మాతలు పాటించే నియమం. 1966లో జేమ్స్ బారోమన్ అనే నాసా ఇంజనీరు పీడనకేంద్రాన్ని లెక్కించే సూత్రాలను విద్యార్థులకు అందుబాటులో ఉండే బీజగణితంలో రూపొందించి, నమూనా రాకెట్ల నిర్మాతల ముందుంచాడు. అవి నేటికీ వాడుకలో ఉన్నాయి. వృత్తిలో పెద్దరాకెట్లతో పనిచేసే ఇంజనీరు బొమ్మరాకెట్టు కోసం శ్రమించడం తక్కువపనిగా భావించలేదు. లెక్క చేతకానివారికి మరొక ఉపాయం ఉంది. రాకెట్టును గురుత్వకేంద్రం వద్ద దారంతో కట్టి తలచుట్టూ త్రిప్పాలి. ముక్కు ముందుకు ఉండి తిన్నగా సాగితే అది స్థిరమైనది. అడ్డంగానో వెనుకకో తిరిగితే ముక్కులో కొంత బరువు చేర్చాలి, లేదా రెక్కలు పెంచాలి.

మోటారు మీద ముద్రించే సంకేతం కూడా ఒక చిన్న భౌతికశాస్త్ర పాఠమే. 'బి6-4' అని ఉన్నదనుకొందాం. అందులోని అక్షరం మోటారు ఇచ్చే మొత్తం ప్రచోదనాన్ని తెలుపుతుంది. 'ఏ' తరగతి గరిష్ఠ పరిమితి 2.5 న్యూటన్-సెకన్లు, 'బి' తరగతిది 5, 'సి' తరగతిది 10. ఒక్కొక్క అక్షరానికి పరిమితి రెట్టింపవుతుంది. తరువాతి అంకె సగటు అభిబలాన్ని న్యూటన్లలో చెబుతుంది. ప్రచోదనం అంటే బలం, కాలముల లబ్ధం కాబట్టి 5ను 6తో భాగిస్తే మోటారు మండే కాలం ఒక సెకను కూడా లేదని తేలుతుంది. మిగిలిన ఎత్తంతా రాకెట్టు తాను పొందిన ద్రవ్యవేగంతోనే సాధిస్తుంది. చివరి అంకె, మోటారు మండిన తరువాత పారాచూటును వెలుపలికి నెట్టేవరకు గడిచే విరామాన్ని సెకన్లలో సూచిస్తుంది. విరామం తక్కువైతే రాకెట్టు ఇంకా వేగంగా పైకి పోతుండగానే పారాచూటు విచ్చుకొంటుంది. ఎక్కువైతే తలక్రిందులుగా దూసుకొస్తుండగా విచ్చుకొంటుంది. రెండు సందర్భాల్లోనూ అది చిరిగిపోవచ్చు. ఒక్క అంకె ఎన్నికలో ఇంత వివేచన ఉంది. ఇక ఎత్తును కొలవాలంటే పదవతరగతి త్రికోణమితి చాలు. ప్రయోగస్థలానికి 100 మీటర్ల దూరంలో నిలిచి, శిఖరబిందువు 60 డిగ్రీల కోణంలో కనబడిందని గుర్తిస్తే, దాని ఎత్తు సుమారు 173 మీటర్లు. ఎత్తులు, దూరాలు అనే అధ్యాయంలో ఎందరో విద్యార్థులు ఎన్నడూ చూడని దీపస్తంభాల ఎత్తును లెక్కించి మార్కులు తెచ్చుకొంటారు. తన చేతితో చేసిన వస్తువు ఎత్తును లెక్కించే విద్యార్థికి ఆ సూత్రం మార్కులతో ముగిసిపోదు.

నిర్మాణం కంటె ప్రయోగంలో నేర్చుకోవలసినది మరింత ఉన్నది. అమెరికాలో 1957లో ఆరంభమైన జాతీయ రాకెట్ నిర్మాతల సంఘం ఒక భద్రతానియమావళిని రూపొందించింది. రాకెట్టును కాగితం, చెక్క, ప్లాస్టిక్ వంటి తేలిక పదార్థాలతోనే నిర్మించాలి. కర్మాగారంలో తయారైన మోటార్లనే వాడాలి. అగ్గిపుల్లతో కాక, విద్యుత్తుతో దూరం నుంచి మండించాలి. చిన్న మోటార్లకైనా కనీసం 5 మీటర్ల దూరంలో నిలవాలి. అందరికీ వినబడేటట్లు అంకెలు వెనుకకు లెక్కించాలి. మీట నొక్కినా రాకెట్టు కదలకపోతే భద్రతాతాళాన్ని తొలగించి, ఒక నిమిషంపాటు ఎవరూ దగ్గరకు పోరాదు. విద్యుత్ తీగలపై చిక్కుకొన్న రాకెట్టును తీయబోరాదు. ఎన్నో సాయంత్రాలు శ్రమించి కట్టిన వస్తువు కళ్లెదుట తీగపై వేలాడుతుండగా దానిని విడిచి ఇంటికి పోవడం పదహారేళ్ల యువకునికి సులభం కాదు. ఆ క్షణంలో వెనుదిరగగలగడమే సంస్కారం. ధైర్యం అంటే ప్రమాదంలోకి దూకడమేనన్న అపోహను ఆ నియమావళి మౌనంగా ఖండిస్తుంది.

ఆ నియమాలలో ప్రత్యేకంగా స్మరించదగినది మరొకటి ఉంది. రాకెట్టును ఏ లక్ష్యంపైకీ గురిపెట్టరాదు, అందులో మండే, పేలే పదార్థాలను మోయించరాదు అని అది శాసిస్తుంది. రాకెట్టు చరిత్ర తెలిసినవారికి ఈ నియమం విలువ బోధపడుతుంది. మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పు సుల్తాన్‌ల సైన్యాలు ఇనుపగొట్టాల రాకెట్లను 1780లో పొల్లిలూరు యుద్ధంలో బ్రిటిషువారిపై ప్రయోగించాయి. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత ఆ రాకెట్లు ఇంగ్లండుకు చేరాయి. విలియం కాంగ్రీవ్ వాటి ప్రేరణతో కొత్త యుద్ధరాకెట్లను తయారుచేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ వి-2 రాకెట్లు లండన్ నగరంలో విధ్వంసం సృష్టించాయి. యుద్ధానంతరం స్వాధీనమైన ఆ వి-2లనే అమెరికా వైట్ శాండ్స్‌లో పరీక్షించింది. అదే క్షేత్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ పిల్లల రాకెట్ల భద్రతకు పాటుపడ్డాడు. శతాబ్దాలుగా ఆయుధంగా ఉన్న వస్తువును గురిపెట్టకుండా ఆకాశంలోకి మాత్రమే పంపుమని పిల్లలకు నేర్పడం చిన్న సంస్కరణ కాదు. 2003 నుంచి అమెరికాలో జరుగుతున్న విద్యార్థుల రాకెట్ పోటీలలో రాకెట్టు మోసుకుపోవలసినది పచ్చి కోడిగుడ్డు. నిర్ణయించిన ఎత్తుకు చేర్చి, నిర్ణయించిన వ్యవధిలో, గుడ్డు పగలకుండా దించాలి. వినాశం కోసం పుట్టిన సాధనానికి సంరక్షణ నేర్పడమంటే ఇదే.

ఇన్ని గుణాలు చెప్పిన తరువాత భారతీయ విద్యార్థి న్యాయంగానే ఒక ప్రశ్న వేస్తాడు. ఈ పెట్టెలు, మోటార్లు అమెరికాలో దొరికినంత సులభంగా ఇక్కడ దొరకవు. దొరికినా ఖర్చుతో కూడినవి. గ్రామీణ కళాశాలలో చదివే విద్యార్థికి వీటితో పనేమిటి? ఈ ప్రశ్నను దాటవేయడం తగదు. మొదట ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. మోటారు దొరకలేదని ఇంట్లో ఇంధనం తయారుచేయబూనడం ఎంతమాత్రం కూడదు. అది 1957నాటి గాయాలను మళ్లీ తెచ్చుకోవడమే. అనుమతి లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడం 1884నాటి చట్టం ప్రకారం నేరం కూడా. అయితే ఆ విద్యలోని సారాన్ని నిప్పు లేకుండానే గ్రహించే మార్గం ఉంది. అదే నీటి రాకెట్టు. శీతలపానీయాల ప్లాస్టిక్ సీసా, అందులో మూడోవంతు నీరు, బిగువైన బిరడా, సైకిలు పంపు, అట్టతో కత్తిరించిన రెక్కలు ఉంటే చాలు. గాలి ఒత్తిడి హెచ్చినప్పుడు బిరడా ఊడి, నీరు క్రిందికి చిమ్ముతుంది, సీసా పైకి లేస్తుంది. నీరు లేకుండా గాలి మాత్రమే నింపితే బయటకు పోయే ద్రవ్యరాశి స్వల్పం. నీరు నిండుగా పోస్తే గాలికి చోటు ఉండదు, బరువు పెరుగుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సరియైన పరిమాణాన్ని విద్యార్థి తానే కనుగొనవచ్చు. ఒక్కసారికి ఒక్క అంశాన్నే మార్చడం, ప్రతిసారీ కొలిచి వ్రాసుకోవడం ఇక్కడా అవసరమే. గాజు, లోహపు సీసాలు వాడరాదు. ఒత్తిడిలో ఉన్న సీసాపైకి వంగరాదు. అధ్యాపకుని సమక్షంలోనే దూరంగా నిలిచి ప్రయోగించాలి. సాధనం మారినా వినయం మారకూడదు.

పరీక్షల ఒత్తిడిలో ఇటువంటి పనులకు తీరిక ఎక్కడిదని తల్లిదండ్రులు అడగవచ్చు. వారి ఆందోళనలో అసత్యం లేదు. ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాలు జీవితాన్ని మలుపు తిప్పేవని వారు నమ్ముతారు. కాని ప్రక్షేపకాలపై వంద లెక్కలు చేసిన విద్యార్థి ఒక్క ప్రక్షేపకాన్నైనా చూడకపోవడం, ఘర్షణను నిర్వచించగలిగినవాడు గరుకు కాగితం పట్టకపోవడం విద్యకు శోభనిచ్చే విషయాలు కావు. పరీక్షలో తప్పుచేస్తే మార్కులు పోతాయి, తప్పు ఎక్కడ జరిగిందో తరచుగా తెలియదు. మైదానంలో తప్పుచేస్తే రాకెట్టు దానిని వెంటనే చూపిస్తుంది, ఎవరినీ నిందించదు, ఎవరినీ పొగడదు. వారానికి ఒక సాయంత్రం ఇటువంటి గురువు వద్ద గడిపితే మిగిలిన ఆరు రోజుల చదువుకు నష్టం కలుగదు.

భారత అంతరిక్ష చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మొదటి పరిశోధక రాకెట్టు ఎగిరింది. ఆ రోజుల్లో అక్కడి చర్చి భవనం కార్యాలయంగా ఉండేది, రాకెట్టు భాగాలు సైకిలుపై ప్రయాణించేవి. 1971 అక్టోబరు 9న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి రోహిణి రాకెట్టు వ్యాసం 125 మిల్లీమీటర్లు మాత్రమే. 1979 ఆగస్టులో ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం విఫలమై సముద్రంలో పడింది. శాస్త్రజ్ఞులు కారణాలు వెదకి, లోపాలు సరిదిద్ది, 1980 జూలై 18న అదే వాహనంతో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపారు. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన ఒక ప్రైవేటు సంస్థ నిర్మించిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచే ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. ఈ ఘనకార్యాలకూ పెట్టెరాకెట్టుకూ పరిమాణంలో పోలికే లేదు. పద్ధతిలో మాత్రం భేదం లేదు. ఊహించడం, నిర్మించడం, పరీక్షించడం, విఫలమైతే కారణం వెదకడం, మళ్లీ నిర్మించడం అనే క్రమమే రెండింటికీ ఆధారం.

కాబట్టి నమూనా రాకెట్టును బొమ్మ అనడంలో దోషం లేదు, బొమ్మే కదా అని త్రోసివేయడంలోనే దోషం ఉంది. ప్రతి విద్యార్థీ రాకెట్ ఇంజనీరు కానక్కరలేదు. కాని ఏ రంగంలో స్థిరపడినా, తన చేతిపనికి తానే పరీక్షకుడు కావడం, హద్దులు తెలిసి సాహసించడం, వైఫల్యాన్ని దాచక పరిశీలించడం అతనికి అవసరమైన గుణాలు. ఉపన్యాసాలతో ఇవి అలవడవు. కళాశాలలు ఏడాదికి ఒక్కనాడైనా విద్యార్థులను మైదానానికి తీసుకుపోయి, వారు స్వయంగా నిర్మించిన రాకెట్లను, కనీసం నీటి రాకెట్లను, ఎగురవేయించాలి. ఎంత ఎత్తు పోయిందని మాత్రమే కాక, ఏ స్థితిలో తిరిగివచ్చిందని కూడా అడగాలి. ఆ రెండవ ప్రశ్నకు విద్యార్థి నిజాయితీగా వ్రాసే సమాధానమే అతని అసలైన ప్రయోగనివేదిక.